ఒకే ఎలుక, మూడు పెప్టైడ్లు, పొంతన కుదరని రెండు పట్టికలు: కణజాలాల్లో న్యూరోపెప్టైడ్ల పంపిణీపై ఒక కేస్ స్టడీ

కేసు

250 నుంచి 300 గ్రాముల బరువున్న ప్రయోగశాల ఎలుకల్లో సబ్‌స్టెన్స్ పి, వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్), ఎన్‌పీవై (న్యూరోపెప్టైడ్ వై) అనే మూడు న్యూరోపెప్టైడ్లు, అంటే నాడీకణాలు సంకేతాలుగా వాడే చిన్న అమైనో ఆమ్ల గొలుసులు, ఏ కణజాలంలో ఎంతెంత ఉన్నాయో పట్టిక వేయడం పని. ఎంచుకున్న నమూనాలు పదకొండు. మెదడు నుంచి స్ట్రయాటం, సబ్‌స్టాన్షియా నైగ్రా, హైపోథాలమస్. వెన్నుపాము నడుము భాగం, దానికి చెందిన ఎల్4, ఎల్5 డోర్సల్ రూట్ గ్యాంగ్లియా (వెన్నుపాము పక్కన ఉండే స్పర్శ నాడీకణాల ముడులు), అరికాలి చర్మం. ఆపైన చిన్నపేగు చివరి భాగమైన ఇలియం, క్లోమం, గుండె పైగదులు, అడ్రినల్ గ్రంథి, ప్లీహం.

మొదటి విడతలో రెండు పట్టికలు తయారయ్యాయి. ఒకటి క్యూపీసీఆర్‌తో కొలిచిన ఎంఆర్‌ఎన్‌ఏది, అంటే పెప్టైడ్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలుది. రెండోది యాంటీబాడీతో కొలిచే కాంపిటీటివ్ ఎలైసా ఇచ్చిన పెప్టైడ్‌ది. రెండింటినీ పక్కపక్కన పెడితే నాలుగు చోట్ల లెక్క కుదరలేదు. చర్మంలో సబ్‌స్టెన్స్ పి ఉంది, దాన్ని తయారుచేసే టీఏసీ1 జన్యువు ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం లేదు. సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఆ పెప్టైడ్ మెదడు మొత్తంలోనే ఎక్కువగా కనిపించింది, ఎంఆర్‌ఎన్‌ఏ నామమాత్రం. క్లోమంలో ఎలైసా సబ్‌స్టెన్స్ పి పుష్కలంగా ఉందని చెప్పింది, అదే ద్రావణంలో అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు దాని జాడే దొరకలేదు. ప్లీహంలో ఎన్‌పీవై ఎంఆర్‌ఎన్‌ఏ ఉంది, ఆ అవయవానికి వచ్చే సింపథెటిక్ నాడీకణాల దేహాలు మాత్రం అక్కడ ఉండవు.

ఈ నాలుగింటిలో రెండు తప్పులే కావు. ఒకటి పూర్తిగా పద్ధతి తెచ్చిపెట్టిన దోషం. మరొకటి ఆ జంతువు జాతికి సంబంధించిన జీవశాస్త్రం. నాలుగింటినీ ఒకే గాటన కట్టి, ఆర్‌ఎన్‌ఏకూ పెప్టైడ్‌కూ పొంతన లేదని రాసి వదిలేస్తే పట్టిక ఎవరికీ పనికిరాదు. పెప్టైడ్ తయారయ్యే చోటు, నిల్వ ఉండే చోటు, విడుదలయ్యే చోటు మూడూ వేర్వేరు కావచ్చు. కొలిచిన ప్రతి అంకె పక్కనా అది ఈ మూడింటిలో దేనిదో రాయాలి.

మొదటి విడత ఎందుకు దెబ్బతింది

కణజాలాన్ని 7.4 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో, ప్రోటీయేజ్‌లను (ప్రోటీన్లను, పెప్టైడ్లను కొరికే ఎంజైమ్‌లను) ఆపే ఇన్‌హిబిటర్ టాబ్లెట్ వేసి, ఐసు మీద నూరారు. సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జీ (గురుత్వానికి 10,000 రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు తిప్పి, పైకి తేలిన ద్రవాన్ని నేరుగా ఎలైసా ప్లేటులో పోశారు. ప్రోటీన్ల కొలతకు సరిపోయే ఈ పద్ధతి పెప్టైడ్లకు సరిపోదు. మామూలు ఇన్‌హిబిటర్ మిశ్రమాలు ఎక్కువగా సెరీన్, సిస్టీన్ ప్రోటీయేజ్‌లను ఆపుతాయి. సబ్‌స్టెన్స్ పిని ముక్కలు చేసే ముఖ్యమైన ఎంజైమ్ నెప్రిలైసిన్, అది జింకు ఉన్న మెటలో-పెప్టిడేజ్. ఎన్‌పీవై ముందుభాగం నుంచి రెండు అమైనో ఆమ్లాలు తొలగించి దాన్ని ఎన్‌పీవై 3-36గా మార్చే డీపీపీ-4 అనే ఎంజైమ్‌ను కూడా ఈ మిశ్రమాలు అన్నిసార్లూ ఆపలేవు. ఎంజైమ్‌లను ఒక్కొక్కటిగా ఆపాలని చూడటం కంటే అన్నింటినీ ఒకేసారి వేడితో, ఆమ్లంతో చంపేయడం నమ్మకమైన దారి.

క్లోమంలో జరిగింది ఇంకా ప్రమాదకరం. కాంపిటీటివ్ ఎలైసాలో నమూనాలోని పెప్టైడ్, లేబుల్ తగిలించిన పెప్టైడ్ యాంటీబాడీ కోసం పోటీ పడతాయి. రంగు తగ్గితే నమూనాలో పెప్టైడ్ ఎక్కువున్నట్టు లెక్క. క్లోమం ద్రావణంలో బతికి ఉన్న ప్రోటీయేజ్‌లు లేబుల్ పెప్టైడ్‌నే కొరికేశాయి. రంగు పడిపోయింది. నమూనాలో ఏమీ మిగలని చోట యంత్రం పెద్ద అంకె చూపించింది. ఇలాంటి దోషాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. అదే ద్రావణాన్ని 2, 4, 8 రెట్లు పలుచన చేసి చూడండి. నిజమైన పెప్టైడ్ అయితే పలుచన రెట్లతో గుణించాక ఒకే విలువ రావాలి, గీత స్టాండర్డ్ గీతకు సమాంతరంగా దిగాలి. క్లోమం గీత అడ్డదిడ్డంగా వచ్చింది. ఆ ద్రావణాన్నే ఆమ్లం కలిపి పది నిమిషాలు మరిగించి, తటస్థం చేసి మళ్లీ పెడితే అంకె కూలిపోయింది. దోషం ఎక్కడుందో అప్పటికి ఖాయమైంది.

రెండో విడత పద్ధతి

జంతువులన్నిటినీ రోజులో ఒకే రెండు గంటల వ్యవధిలో, ఒకే విధమైన ఆహార స్థితిలో తీసుకోవాలి. ఉపవాసం ఉంచితే హైపోథాలమస్‌లో ఎన్‌పీవై పెరుగుతుంది, కాబట్టి రాత్రంతా పస్తున్న జంతువునూ అప్పుడే తిన్న జంతువునూ ఒకే గుంపులో కలపకూడదు. కోతకు ఇద్దరు అవసరం. ఒకరు తల వైపు, మరొకరు పొట్ట వైపు ఏకకాలంలో మొదలుపెడతారు. పొట్ట వైపు మొదట తీయాల్సింది క్లోమం, తరువాత ఇలియం, ఆపైన మిగతావి. చర్మాన్ని ఆఖరికి వదిలినా పెద్ద నష్టం లేదు.

తీసిన ప్రతి ముక్కనూ వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. ఆపైన తూకం నుంచి మరిగే ఆమ్లం దాకా అది ఒక్క క్షణం కూడా కరగకూడదు. గడ్డకట్టినప్పుడు ఏర్పడే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. కరగడం మొదలుకాగానే అప్పటిదాకా సంచుల్లో విడిగా ఉన్న ఎంజైమ్‌లు పెప్టైడ్‌ను చేరతాయి. మంచులో పెట్టి నిదానంగా కరిగించి ముక్కలు కోయడం ఈ పనిలో అతి సాధారణమైన పొరపాటు. తూకానికి ముందే చల్లబరిచిన గొట్టాలు వాడండి. గొట్టం బరువు ముందు తూచి, ముక్క వేసి మళ్లీ తూచి, తేడా తీసుకోండి.

వెలికితీతకు 1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం వాడాం. లీటరుకు సుమారు 57 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం పడుతుంది. కణజాలం బరువుకు పది రెట్ల ఘనపరిమాణం, అంటే 100 మిల్లీగ్రాములకు 1 మిల్లీలీటరు. ఆమ్లాన్ని గొట్టంలో ముందే 95 డిగ్రీలకు పైగా వేడి చేసి, గడ్డకట్టిన ముక్కను నేరుగా అందులో వదలాలి. పది నిమిషాలు అలాగే ఉంచి, ఐసు మీద చల్లార్చి, అప్పుడు నూరాలి. ముందు నూరి తరువాత మరిగిస్తే ప్రయోజనం సగం పోతుంది. మరిగించేటప్పుడు మూత ఎగిరిపోకుండా లాక్ ఉన్న గొట్టాలు తీసుకోండి. ఆవిరై ఘనపరిమాణం తగ్గిందా అన్నది మళ్లీ తూచి చూడాలి.

చర్మం ఈ పద్ధతికి లొంగదు. కొల్లాజెన్ వల్ల ముక్క రబ్బరులా ఉండిపోతుంది. ద్రవ నైట్రోజన్ పోస్తూ లోహపు కల్వంలో పిండిలా దంచి, ఆ పొడిని ఆమ్లంలో వేయాలి. కొవ్వు పొరను ముందే గీరేయకపోతే తరువాత పెప్టైడ్‌ను శుద్ధిచేసే కార్ట్రిడ్జ్ మూసుకుపోతుంది. గ్యాంగ్లియా పరిస్థితి దీనికి తలకిందులు. ఒక్కొక్కటీ ఎంత చిన్నదంటే తూకంలో దోషమే అసలు బరువును మింగేస్తుంది. ఒకే జంతువు ఎల్4, ఎల్5 గ్యాంగ్లియా రెండు వైపులవీ కలిపి ఒక నమూనాగా తీసుకుని, ఫలితాన్ని గ్రాముకు కాకుండా గ్యాంగ్లియాన్‌కు ఇంత అని రాయడం మేలు.

20,000 జీ దగ్గర, 4 డిగ్రీల వద్ద, 30 నిమిషాలు తిప్పాక పైద్రవాన్ని సి-18 కార్ట్రిడ్జ్ గుండా పంపాలి. కార్ట్రిడ్జ్‌ను ముందు 60% అసిటోనైట్రైల్, 0.1% టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) మిశ్రమం 1 మిల్లీలీటరుతో తడిపి, 0.1% టీఎఫ్‌ఏ 3 మిల్లీలీటర్లతో మూడుసార్లు కడగాలి. తడిపిన తరువాత కార్ట్రిడ్జ్ ఎండకూడదు. నమూనాను చుక్కచుక్కగా పంపి, మళ్లీ టీఎఫ్‌ఏతో కడిగి, చివరికి ఆ 60% మిశ్రమం 3 మిల్లీలీటర్లతో పెప్టైడ్‌ను దింపుకోవాలి. గొట్టాలన్నీ తక్కువ అంటుకునే పాలీప్రొపిలీన్‌వి కావాలి. గాజుకూ మామూలు ప్లాస్టిక్‌కూ ఈ పెప్టైడ్లు అతుక్కుపోతాయి. ఎలైసాకు వెళ్లే భాగాన్ని 0.1% బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) ఉన్న బఫర్‌లో కరిగించడం అందుకే. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు వెళ్లే భాగంలో మాత్రం బీఎస్‌ఏ పడకూడదు.

వాక్యూమ్‌లో ఆరబెట్టేటప్పుడు మరో చిక్కు ఉంది. ఈ మూడు పెప్టైడ్లలోనూ ఒక్కో మెథియోనిన్ ఉంది. సబ్‌స్టెన్స్ పిలో అది చిట్టచివరి 11వ స్థానంలో, వీఐపీలో, ఎలుక ఎన్‌పీవైలో 17వ స్థానంలో. పూర్తిగా ఎండగట్టి గాలి తగలనిస్తే మెథియోనిన్ ఆక్సీకరణం చెందుతుంది. చివరి భాగాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ ఆక్సీకరణం చెందిన సబ్‌స్టెన్స్ పిని సరిగా పట్టుకోదు. అందువల్ల కొన్ని మైక్రోలీటర్లు మిగిలి ఉండగానే ఆరబెట్టడం ఆపాలి. స్పెక్ట్రోమీటర్‌లో రెండు ఆవేశాల అయాన్‌ను ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 674.37 దగ్గరే కాక, ఒక ఆక్సిజన్ చేరిన రూపానికి 682.37 దగ్గరా వెతికి, రెండూ కలిపి లెక్కించాలి.

రికవరీ, అంటే పెప్టైడ్‌లో ఎంత శాతం చివరిదాకా దక్కిందో, తెలుసుకోవడానికి ఐసోటోప్ లేబుల్ ఉన్న సబ్‌స్టెన్స్ పిని మరిగే ఆమ్లంలో, కణజాలం వేయడానికి ముందే కలిపాం. దీని పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. లేబుల్ కలిపిన క్షణం తరువాత జరిగిన నష్టాన్నే అది చెబుతుంది. అంతకుముందు కణజాలం కరిగి పెప్టైడ్ పోతే రికవరీ 90% వచ్చినా అసలు కొలత తప్పే. ఆ ముందరి నష్టాన్ని తెలుసుకోవడానికి ఒకే క్లోమాన్ని రెండుగా చేసి, ఒక సగాన్ని నేరుగా ఆమ్లంలోకి, మరో సగాన్ని ఐదు నిమిషాలు ఐసు మీద కరగనిచ్చి ఆమ్లంలోకి పంపాలి. రెండు సగాల మధ్య తేడాయే ఆ నష్టం.

లెక్క

చాలామంది ఇక్కడే జారతారు కాబట్టి ఒక ఉదాహరణ. కణజాలం 50 మిల్లీగ్రాములు, ఆమ్లం 500 మైక్రోలీటర్లు. కణజాలంలోని నీరు కూడా కలుస్తుంది, కాబట్టి మొత్తం ద్రవం 500 కాదు, సుమారు 540. అందులో 400 మైక్రోలీటర్లు కార్ట్రిడ్జ్‌కు వెళ్లాయి. చివర 250 మైక్రోలీటర్ల బఫర్‌లో కరిగిస్తే ఎలైసా మిల్లీలీటరుకు 200 పికోగ్రాములు చూపింది. అంటే ఆ బఫర్‌లో ఉన్నది 50 పికోగ్రాములు. దాన్ని 540తో గుణించి 400తో భాగిస్తే 67.5. రికవరీ 75% అయితే అసలు 90 పికోగ్రాములు. గ్రాముకు 1.8 నానోగ్రాములు. సబ్‌స్టెన్స్ పి అణుభారం 1,348, కాబట్టి గ్రాముకు సుమారు 1.3 పికోమోల్‌లు.

పికోమోల్‌లలో రాయకపోతే పెప్టైడ్ల మధ్య పోలిక తప్పుతుంది. ఎన్‌పీవై అణుభారం 4,272. నానోగ్రాముల్లో రెండూ సమానంగా కనిపిస్తే అణువుల సంఖ్యలో సబ్‌స్టెన్స్ పి మూడు రెట్లకు పైగా ఎక్కువున్నట్టు. తడి బరువుతో భాగించడం కూడా కొవ్వు, కొల్లాజెన్ ఎక్కువున్న చర్మానికి అన్యాయం చేస్తుంది. మరిగే ఆమ్లంలో ప్రోటీన్లు చాలావరకు అడుగున పడిపోతాయి. అందుకని ప్రోటీన్ కొలతకు పైద్రవం కాక అడుగు ముద్దను 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి వాడాలి. పట్టికలో గ్రాముకు ఎంత అన్నదాని పక్కనే అవయవం మొత్తానికి ఎంత అన్న వరుస కూడా ఉంచాం. సాంద్రతలో మెదడు ముందుండే పెప్టైడ్ కూడా మొత్తం నిల్వలో పేగుకు వెనకబడవచ్చు. సొమాటోస్టాటిన్‌నే చూడండి. 1973లో దాన్ని గొర్రె హైపోథాలమస్ నుంచి వేరుచేశారు, శరీరంలో దాని నిల్వలో పెద్ద వాటా మాత్రం జీర్ణనాళానిది.

నాలుగు చోట్ల తేలినది

చర్మం, నైగ్రా రెండూ ఒకే కోవకు చెందినవి. సబ్‌స్టెన్స్ పిని డోర్సల్ రూట్ గ్యాంగ్లియాలోని చిన్న నాడీకణాలు తయారుచేస్తాయి. సుమారు 100 నానోమీటర్ల వ్యాసమున్న డెన్స్-కోర్ సంచుల్లో నింపి, ఒక కొమ్మ గుండా వెన్నుపాము వెనుక కొమ్ముకు, మరో కొమ్మ గుండా చర్మానికి పంపుతాయి. చర్మంలో ఉన్నది సరుకు మాత్రమే, కర్మాగారం గ్యాంగ్లియాన్‌లో ఉంది. దీన్ని నిరూపించడానికి ఒక వైపు సయాటిక్ నాడిని కోసి, 14 రోజుల తరువాత రెండు అరికాళ్ల చర్మాన్ని పోల్చాం. కోసిన వైపు పెప్టైడ్ బాగా పడిపోయింది. ఇక్కడ కోత స్థలం చాలా ముఖ్యం. పాదం లోపలి అంచుకు సఫీనస్ నాడి శాఖలు వస్తాయి, అవి సయాటిక్ కోతతో తెగవు. అరికాలు నడిమి భాగం నుంచే ముక్క తీయకపోతే మిగిలిన సఫీనస్ తంతువుల పెప్టైడ్ వల్ల ఫలితం మసకబారుతుంది.

ఈ పరీక్ష మరో సంగతినీ బయటపెట్టింది. కోసిన వైపు గ్యాంగ్లియాలో సబ్‌స్టెన్స్ పి తగ్గితే, మామూలుగా అక్కడ దాదాపు కనిపించని వీఐపీ, ఎన్‌పీవై పెరిగాయి. నాడి తెగినప్పుడు గ్యాంగ్లియాన్ కణాలు పెప్టైడ్ల ఎంపికనే మార్చుకుంటాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. పంపిణీ పటం ఆరోగ్యంగా ఉన్న నాడికి ఒకటి, గాయపడిన నాడికి మరొకటి. కాబట్టి బోనులో కొట్లాడుకుని పాదాలకు గాయాలైన ఎలుకల గ్యాంగ్లియాను సాధారణ నమూనాల్లో కలపకూడదు.

నైగ్రా కథా ఇదే, దూరం మాత్రం తక్కువ. స్ట్రయాటంలోని కణాలు పెప్టైడ్‌ను తయారుచేసి, తమ ఆక్సాన్ల చివరలున్న నైగ్రాకు పంపుతాయి. మెదడును 1 మిల్లీమీటరు పలకలుగా కోసి, సుమారు మైనస్ 10 డిగ్రీల దగ్గర 1 మిల్లీమీటరు పంచ్‌తో తీస్తే రెండు ప్రాంతాలూ స్పష్టంగా విడిపోతాయి. మైనస్ 20 దగ్గర పలక పెళుసుగా పగులుతుంది. తయారీ కణాలను చూడటానికి కొల్చిసిన్ ఇచ్చి ఆక్సాన్ రవాణా ఆపే పాత పద్ధతి ఉంది గానీ, అది విషపూరితం, పైగా జన్యువుల పనితీరునే మారుస్తుంది. దానికి బదులు కణజాలం పలచని కోతల మీదే ఎంఆర్‌ఎన్‌ఏను గుర్తించే ఇన్‌సిటు హైబ్రిడైజేషన్‌తో ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్న కణాలను చూడటం మా సిఫారసు.

ప్లీహం విషయంలో ఆధారం తలకిందుగా దొరికింది. సింపథెటిక్ తంతువుల్లో ఎన్‌పీవై ఉంటుంది కాబట్టి పెప్టైడ్ ఉండటంలో వింత లేదు. ఎంఆర్‌ఎన్‌ఏ ఎందుకున్నదన్నదే ప్రశ్న. ఎలుకల్లో, చిట్టెలుకల్లో ప్లేట్‌లెట్లను పుట్టించే మెగాకార్యోసైట్లు ఎన్‌పీవైని తయారుచేస్తాయి, వాటి ప్లీహంలో ఈ కణాలు పెద్దయ్యాకా ఉంటాయి. ప్లేట్‌లెట్లలోనూ ఎన్‌పీవై నిండి ఉంటుంది. హెపారిన్ కలిపిన చల్లని సెలైన్‌తో రక్తాన్ని కడిగేస్తే గుండె పైగదుల కొలత శుభ్రపడుతుంది. ప్లీహం కొలత అంతగా శుభ్రపడదు, కణాలు లోపలే కూర్చుని ఉన్నాయి కనుక. ఎలుక ప్లీహం అంకెను సింపథెటిక్ నాడుల కొలమానంగా వాడటం తప్పు, దాన్ని మనిషికి అన్వయించడం ఇంకా పెద్ద తప్పు. ప్లీహంలో సబ్‌స్టెన్స్ పిని పోలిన రీడింగునూ నమ్మలేం. టీఏసీ4 జన్యువు నుంచి వచ్చే హీమోకైనిన్-1 రోగనిరోధక కణాల్లో ఉంటుంది, దాని చివరి భాగం సబ్‌స్టెన్స్ పిని పోలి ఉంటుంది. మిశ్రమంలోని అణువులను విడదీసే హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతిలో వేరుచేసి, ఏ భాగంలో యాంటీబాడీ స్పందన వస్తుందో చూస్తేనే తేలుతుంది.

క్లోమంలో నేరుగా ఆమ్లంలోకి వెళ్లిన సగం నుంచి మూడు పెప్టైడ్లూ కొలవగలిగే స్థాయిలో, పలుచన గీతలు సమాంతరంగా వచ్చాయి. ఎలైసా, మాస్ స్పెక్ట్రోమీటర్ ఒకే మాట చెప్పాయి. అడ్రినల్‌లో మొదటినుంచీ గొడవ లేదు. గ్రంథి లోపలి భాగమైన మెడుల్లాలోని క్రోమాఫిన్ కణాలే ఎన్‌పీవైని తయారుచేసి నిల్వ చేసుకుంటాయి కాబట్టి రెండు పట్టికలూ కలిశాయి.

ఇలియం

అసలు చిక్కుల్లో లేకపోయినా ఎక్కువ శ్రమ తీసుకున్నది ఇదే. పేగు గోడను మొత్తంగా నూరితే వచ్చే అంకెకు అర్థం దాదాపు ఉండదు. ముక్కను గాజు కడ్డీకి తొడిగి, తడి దూది పుల్లతో పొడవునా రుద్దుతూ బయటి కండర పొరను ఒలిస్తే మయంటెరిక్ ప్లెక్సస్ (కండర పొరల మధ్యనున్న నాడీకణాల వల) దానితోపాటే వస్తుంది. మిగిలిన గొట్టంలో లోపలి పొర, సబ్‌మ్యూకోసా ఉంటాయి. వీఐపీ రెండు భాగాల్లోనూ ఉంటుంది, పని మాత్రం వేరు. సబ్‌మ్యూకోసా కణాలు స్రావాలను నడిపిస్తే, మయంటెరిక్ కణాలు కండరాన్ని సడలిస్తాయి. ఈ నాడీకణాల దేహాలు గోడలోనే ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఎంఆర్‌ఎన్‌ఏ, పెప్టైడ్ రెండూ దొరకడం సహజం.

లోపలి పొరలో ఎన్‌పీవై రీడింగు అనుకోనంత ఎక్కువ వస్తే ముందు అనుమానించాల్సింది పీవైవై (పెప్టైడ్ వైవై) అనే పేగు హార్మోన్‌ను. ఇలియం, పెద్దపేగు ఎల్-కణాలు దాన్ని విడుదల చేస్తాయి. రెండూ 36 అమైనో ఆమ్లాల పెప్టైడ్లే, చివరి భాగాలు దాదాపు ఒకటే. యాంటీబాడీని వరుసగా పెంచిన పీవైవై మోతాదులతో పరీక్షించి, ఎంత శాతం స్పందిస్తుందో సొంతంగా కొలవాలి. కిట్ కాగితం మీది శాతం శుద్ధ బఫర్‌లో కొలిచినది. సబ్‌స్టెన్స్ పి యాంటీబాడీకి న్యూరోకైనిన్ ఎతోనూ ఇదే పరీక్ష పెట్టాలి, అదీ టీఏసీ1 జన్యువు నుంచే వస్తుంది, పేగులో పక్కపక్కనే ఉంటుంది. కణజాలం పలచని కోతల (సెక్షన్ల) మీద వాడే యాంటీబాడీని 10 మైక్రోమోలార్ పెప్టైడ్‌తో ముందే కలిపి రంగు పోయిందని సంతోషిస్తే చాలదు. యాంటీబాడీ ఆ పెప్టైడ్‌కు అతుక్కుంటుందని మాత్రమే అది చెబుతుంది. సెక్షన్‌లో అది పట్టుకున్నది పోలికలున్న మరో పెప్టైడ్ అయినా రంగు పోతుంది.

జాతి మారితే యాంటీబాడీని మళ్లీ పరీక్షించాలి. మనిషి, ఎలుక, పంది వీఐపీలు ఒకటే, గినీ పిగ్‌ది వేరు. ఎన్‌పీవై మనిషిలో, ఎలుకలో ఒకటే, పందిలో 17వ స్థానంలో మెథియోనిన్ బదులు ల్యూసిన్ ఉంటుంది.

తుది పట్టికలో ప్రతి గడికీ నాలుగు వివరాలు చేర్చాం: గ్రాముకు పికోమోల్‌లు, అవయవం మొత్తానికి పికోమోల్‌లు, ఎంఆర్‌ఎన్‌ఏ ఉందా లేదా, పెప్టైడ్ ఏ నిర్మాణంలో కనిపించింది అంటే కణదేహమా, తంతువా, అంతస్స్రావ కణమా, రక్తకణమా. ఇలియం లోపలి పొర ఎన్‌పీవై గడిలో నాలుగో వివరం ఇంకా ఖాళీగానే ఉంది. హెచ్‌పీఎల్‌సీలో పీవైవై భాగాన్ని విడదీసి కొలిచేదాకా ఆ గడిలోని అంకెను సగటుల్లో చేర్చలేదు.